పునుగుల బండి, పన్నెండు టైర్ల లారీ

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నా టేబుల్ మీద జనం ఎన్నో తెచ్చి పెట్టారు. అర్జీలు సరే. మామిడికాయలు పెట్టారు, పెళ్ళి శుభలేఖలు పెట్టారు, కోపం వచ్చి కాలి చెప్పు తీసి పెట్టినాయన కూడా ఉన్నాడు. బండి చక్రం తెచ్చి పెట్టింది మాత్రం ఒక్కావిడే. మట్టి కొట్టుకుపోయి, నడిమధ్య గ్రీజు కారుతున్న చక్రం. అదీ సరిగ్గా ఆ సాయంత్రం పైకి పంపాల్సిన స్టేట్‌మెంటు మీద పెట్టింది.

మొన్న కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్, మాకు పనికొస్తుంది" అన్నారు. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఈ చక్రం సంగతే చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు, అది ముందే మనవి చేసుకుంటున్నాను.

అప్పటికి నేను జగ్గయ్యపేట వైపు ఒక మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పెన్షన్లు, రేషన్ కార్డులు నా సీటు. రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. అంత సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదని నాకు మహా గొప్ప. కొత్తవాళ్ళు ఎవరు పరిచయమైనా రెండో మాటగా అదే చెప్పేవాణ్ణి. "నిన్న కూరలబ్బాయికి కూడా చెప్పారు" అని మా ఆవిడ దెప్పేది.

నా పక్కన కంప్యూటరు ముందు ఒక ఆపరేటరు అమ్మాయి కూర్చునేది. కాంట్రాక్టు ఉద్యోగం, చేరి ఏడాది కూడా కాలేదు. పెన్షన్ కావాలని ఎవరైనా వస్తే ఆ అమ్మాయి వాళ్ళ వివరాలు అందులో పెడుతుంది. ఆ ఇంట్లో పొలం ఎంత ఉంది, కరెంటు ఎంత కాలుతోంది, నాలుగు చక్రాల వాహనం ఏమైనా ఉందా అని అది వెతికి, అర్హులో అనర్హులో చెబుతుంది. అది చెప్పిన మాటను మేము ఇవతలి మనిషికి చెబుతాం. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నా ఉద్యోగం అంతే.

ఆ సోమవారం వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. హైవే మీదికి ఎక్కే రోడ్డులో, లారీలు తూచే కాటా ఎదురుగా పునుగుల బండి పెట్టుకుని బతుకుతోంది. భర్త సున్నపురాయి క్వారీల్లో పనిచేసి రెండేళ్ళ కిందట పోయాడు. పిల్లలు లేరు. వితంతు పెన్షన్ కోసం అర్జీ తెచ్చింది. ఆపరేటరు అమ్మాయి డెత్ సర్టిఫికెట్ ఎక్కించి, కుటుంబ వివరాల్లో భర్త పేరు ఎదురుగా 'మరణించారు' అని నొక్కింది. కాసేపటికి కంప్యూటరు ఎర్ర అక్షరాలు చూపించింది.

"ఆంటీ, మీకు నాలుగు చక్రాల బండి ఉందంట కదా?" అంది ఆ అమ్మాయి.

"ఉందమ్మా. దాని మీదేగా బతికేది."

అమ్మాయి నా వంక చూసింది. నేను ఫైల్లోంచి తల ఎత్తలేదు. "ఉందని ఆవిడే చెబుతుంటే ఇక మనమేం చేస్తాం? అనర్హులని చెప్పి పంపించు" అన్నాను. ఆవిడ సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. అంత తేలిగ్గా వెళ్ళినందుకు సంతోషించాను కూడా.

మరుసటి సోమవారం వచ్చింది, చక్రంతో.

"ఒకటి పీకేసా సారూ. ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగో పక్క ఇటికెలు పెట్టా. బండి కదలదు, పోనియ్యండి, కూర్చున్నచోటే అమ్ముకుంటా. ఇంక పెన్షన్ ఇప్పియ్యండి."

మా అటెండరు బీరువా పట్టుకుని నవ్వాడు. అవతలి సెక్షన్లో వాళ్ళు లేచి వచ్చి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. మేమెందుకు నవ్వుతున్నామా అని అందరి మొహాలూ చూస్తూ నిలబడింది. అప్పుడు సిగ్గేసి, కుర్చీ జరుపుకుని మొదటిసారి ఆ స్క్రీన్ వంక చూశాను.

"తోపుడు బండి కాదమ్మా ఇది. లారీ."

"ఎవరి లారీ?"

నేను పేరు చదివాను. "ఇది మీ ఆయన పేరేనా?"

"ఆయన పేరే."

"ఇంటిపేరు?"

"అదీ మాదే."

"అయితే మీ ఆయన పేరు మీద లారీ ఉందమ్మా."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఎన్ని టైర్లు?" అంది.

"పన్నెండు."

"పన్నెండే!" టేబుల్ మీద ఉన్న తన ఒక్క చక్రం వైపు చూసింది. "ఇరవై ఆరేళ్ళు కాపరం చేసా సారూ. బీడీ కట్ట కొన్నా చెప్పి కొనేవాడు. లారీ కొని చెప్పకుండా ఉంటాడా?"

"రికార్డు అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. ఆ మాట సర్వీసులో కొన్ని వందలసార్లు అని ఉంటాను. చాలా గంభీరంగా అంటాను కాబట్టి జనం ఎదురు చెప్పరు. ఆవిడ చెప్పింది.

"సరే, ఆయన లారీ అయితే ఇప్పుడది నాదేగా. ఎక్కడుంది?"

"అది మాకు తెలియదు."

"లారీ ఉందని పెన్షన్ ఇవ్వం అంటారు. ఆ లారీ ఎక్కడుందంటే తెలవదంటారు. రెంట్లో ఏదో ఒకటి ఇప్పియ్యండి సారూ. నేనింకేం అడగను."

ఆపరేటరు అమ్మాయి జాలిపడి లారీ నంబరులోని ఆఖరి నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాసిచ్చింది, తన ఫోన్ నంబరు కూడా రాసిచ్చింది. ఆవిడకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. చీటీ జాకెట్లో దోపుకుని, చక్రం చంకన పెట్టుకుని వెళ్ళింది.

ఆవిడ ఊరుకునే రకం కాదు. తర్వాతి సోమవారం బస్సెక్కి నందిగామ వెళ్ళి, కోర్టు దగ్గర అర్జీలు రాసే ఆయన చేత రాయించి, పై ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఆ అర్జీ నాలుగు రోజుల్లో నాలుగు సంతకాలు వేయించుకుని, 'తగు చర్య నిమిత్తం' తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. అందులో ఇలా ఉంది: 'నా భర్తగారి తాలూకు పన్నెండు టైర్ల లారీ ప్రస్తుతం ఎచ్చట తిరుగుచున్నదో విచారించి నాకు అప్పగించవలసినదిగానూ, అట్లు వీలుకాని యెడల వితంతు పింఛను మంజూరు చేయవలసినదిగానూ ప్రార్థన.'

నేను మూడు రోజులు కూర్చుని జవాబు రాశాను. లారీ ఉందని రాస్తే ఎక్కడ అని అడుగుతారు. లేదని రాస్తే కంప్యూటరు ఎందుకు ఉందంటోంది అని అడుగుతారు. అందుకని 'విషయము పరిశీలనలో ఉన్నది' అని రాసి పంపాను. ఆ పిల్లలతో కూడా అన్నాను, ఈ వాక్యం మీరూ నేర్చుకునే ఉంటారని. దాన్ని రాసిన రోజు మనం ఏమీ పరిశీలించలేదని అర్థం.

ఆవిడ వాహనాల ఆఫీసుకు కూడా వెళ్ళిందట. అక్కడ గుమస్తా మంచివాడు, కూర్చోబెట్టి ఉపాయం చెప్పాడు. ముందు వారసురాలిగా లారీని తన పేరుకు మార్పించుకోవాలి, తర్వాత ఎవరికైనా అమ్మేయాలి, అప్పుడు ఆ పేరు పోయి పెన్షన్ వస్తుంది. అంటే పేదవాళ్ళకిచ్చే పెన్షన్ రావాలంటే ఆవిడ ముందు లారీ ఓనరు కావాలి.

"కంటితో చూడని లారీని ఎట్టా అమ్మనయ్యా?" అని లేచి వచ్చేసింది.

ఈలోగా ఈ సంగతి వీధంతా పాకింది. కాటా దగ్గర డ్రైవర్లు పునుగులు తింటూ "ఓనరుగారూ, ఇంకో ప్లేటు" అనడం మొదలుపెట్టారు. భర్త పోయినప్పుడు కర్మకాండ అయిపోగానే వెళ్ళి మళ్ళీ కనబడని మరిది, అరటిపళ్ళు పట్టుకుని వచ్చి, తన కొడుక్కి హెవీ లైసెన్సు ఉందని, బయటివాళ్ళను డ్రైవరుగా పెట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు. వీటన్నిటికీ ఆవిడ నవ్వి ఊరుకుందట. పక్కింటి వాళ్ళన్న మాట ఒక్కటే ఆవిడను పట్టుకుంది. రాష్ట్రం బోర్డరు ఎంత దూరమని, అవతల కోదాడ వైపు ఆయనకు ఇంకో కాపరం ఉండి ఉంటుందని, లారీ ఆ రెండో ఆవిడ దగ్గరే ఉంటుందని అన్నారు.

ఆ తర్వాత ఆఫీసుకు వచ్చినప్పుడు పెన్షన్ మాట ఎత్తలేదు. "ఆ లారీ ఎప్పుడు కొన్నారో తెలుస్తుందా సారూ?" అని అడిగింది. వాహనాల రికార్డు మా దగ్గర ఉండదన్నాను. "ఆయన నెలకోసారి బోర్డరు అవతలి క్వారీకి పనుందని పోయేవాడు" అని తనలో తను అనుకుంటూ వెళ్ళింది. మనిషి సగమైంది. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు.

ఒకరోజు పొద్దున పదకొండింటప్పుడు ఆపరేటరు అమ్మాయికి ఫోన్ వచ్చింది. విని, కళ్ళు పెద్దవి చేసి, "సార్, లారీ దొరికిందంట. ఆంటీ ఎక్కి కూర్చుందంట" అంది.

ఫైలు చంకన పెట్టుకుని, అమ్మాయిని స్కూటరు వెనకాల ఎక్కించుకుని వెళ్ళాను. కాటా మీద పన్నెండు టైర్ల లారీ నిలబడి ఉంది. దాని వెనక సిమెంటు ఫ్యాక్టరీలకు పోవలసిన లారీలు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. కేబిన్లో మా ఆవిడ, అదే, మా అర్జీదారు, చిల్లుల గరిటె చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. కింద డ్రైవరు తల గోక్కుంటున్నాడు. అతనిది బోర్డరు అవతలి ఊరు.

"పునుగులు తిందామని దిగిన సారు, గంతే. నంబరు చూసింది, ఎక్కి కూసుంది. నా బండి అంటది, దిగుమంటే దిగుత లేదు. నాకేం ఎర్క?"

"మీ ఓనరు పేరు సారుకి చెప్పయ్యా" అంది ఆవిడ పైనుంచి.

అతను చెప్పాడు. పేరూ, ఇంటిపేరూ అవే.

"ఎక్కడుంటాడు?" అన్నాను.

"నందిగామల ఉంటడు. ఫోన్ చేసిన. వస్తుండు."

'వస్తుండు' అన్న మాట ఆవిడ కూడా వింది. రెండేళ్ళ కింద తను దగ్గరుండి సాగనంపిన మనిషి నందిగామ నుంచి వస్తున్నాడట. మెల్లగా కేబిన్ దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. మూడు చక్రాల బండి పక్కన నా దగ్గరగా వచ్చి నిలబడి, ఎవరికీ వినపడకుండా అడిగింది:

"సారూ, ఆయనే అయితే నేనేమనాలి?"

మా ఆఫీసులో ప్రతి దానికీ ఒక ఫారం ఉంటుంది. దీనికి లేదు. "రానివ్వమ్మా" అన్నాను.

అరగంట నిలబడ్డాం. వెనక లారీలవాళ్ళు మొదట హారన్లు కొట్టారు. సంగతి తెలిశాక వాళ్ళూ దిగి వచ్చి, చేతులు కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

కారు వచ్చి ఆగింది. తెల్లచొక్కా, వేళ్ళకు ఉంగరాలు, చొక్కా కన్నా ముందుకు నడిచే పొట్ట. అరవై ఏళ్ళ మనిషి. "ఎవరండీ నా బండి ఆపింది?" అంటూ దిగాడు.

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. మళ్ళీ పైనుంచి కిందికి చూసింది.

"ఈయన కాదు" అంది. "మా ఆయన నల్లగా, సన్నగా, పుల్లలా ఉంటాడు. ఈయన కాదు సారూ. ఈయన కాదు!" అంటూ ఆ ఇటికెల పక్కనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఏడ్చింది. ఏడుస్తూ, కళ్ళు తుడుచుకోవడానికి గరిటె ఉన్న చెయ్యి ఎత్తి, నుదుటికి తగిలించుకుని మళ్ళీ నవ్వింది.

"నేను కాకపోవడమేందమ్మా? నేనే!" అన్నాడు పాపం ఆ పెద్దమనిషి.

ఆపరేటరు అమ్మాయి ఆయన ఆధార్ కార్డు అడిగి తీసుకుని, నా ఫైల్లోని కాగితంతో పోల్చి చూసింది. "సార్, ఆంటీ వాళ్ళ కుటుంబంలో భర్త పేరు ఎదురుగా ఉన్నది ఈయన నంబరే" అంది. ఆయన ఉండేది నందిగామలో గానీ సొంతూరు మా మండలమేనట. ఆధార్ ఆ చిరునామాతోనే ఉంది.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించి నుదురు కొట్టుకున్నాడు. "అదా సంగతి! మొన్న సర్టిఫికెట్ కోసమని పోతే 'మీరు చనిపోయారండీ' అన్నారు. ఎదురుగా నిలబడితే కూడా 'కంప్యూటర్లో లేరండీ' అంటారు. ఇంతకీ నన్ను చంపింది ఎవరండీ?"

ఆ అమ్మాయి తల దించుకుంది, 'మరణించారు' అని నొక్కింది తనే కాబట్టి. కానీ ఆ నంబరు అక్కడికి ఎలా చేరిందో నాకు అప్పుడే గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట ప్రతి కుటుంబాన్నీ కంప్యూటర్లో ఎక్కించాలన్నారు. వారం రోజులు సర్వరు పనిచేయలేదు. ఒక మధ్యాహ్నం ప్రాణం వచ్చింది, సాయంత్రానికల్లా పూర్తి చేయమన్నారు. ఆ క్వారీ మనిషి కార్డు తేలేదు. రేపు తెమ్మనడానికి తీరిక లేక పేరుతో వెతికాను. ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వచ్చారు. నేను పైనున్న పేరు నొక్కాను. ఆ రోజు మండలంలో అందరికన్నా ఎక్కువ కుటుంబాలు ఎక్కించింది నేనేనని ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా.

గుర్తొచ్చింది. కానీ నోరు తెరిచి ఏమన్నానో తెలుసా? "సాంకేతిక లోపమండీ, సరిచేస్తాం" అన్నాను.

ఓనరు నిజంగా మర్యాదస్తుడు. "పోన్లెండి, బతికించండి చాలు" అని, ఆవిడ చేత ఒక ప్లేటు పునుగులు వేయించుకుని నిలబడే తిన్నాడు. లారీ కదిలింది. వెనక లారీలూ కదిలాయి.

ఆఫీసుకు వచ్చాక మా ఆఫీసరు మేడమ్‌గారు ఫైలు చూశారు. ఆవిడ తొందర మనిషీ కాదు, చెడ్డ మనిషీ కాదు. "చనిపోయారని నొక్కింది ఆపరేటరేగా. ఆపరేటరు పొరపాటు అని రాసేయండి. రిటైర్మెంటు ముందు మీకెందుకు తలనొప్పి?" అన్నారు. అవతల గదిలో ఆ అమ్మాయి టిఫిన్ బాక్సు తెరిచి తినకుండా కూర్చుని ఉంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఆ ఒక్క వాక్యంతో పోతుంది.

నేనేదో ధైర్యంగా లేచి నిజం చెప్పానని మీరనుకోవద్దు. టీ తాగాను. ఇంకో టీ తాగాను. వరండాలో నాలుగుసార్లు తిరిగాను. ఆఖరికి వెళ్ళి, "మేడమ్, పైపేరు నొక్కింది నేనండి" అన్నాను. మేడమ్‌గారు పెన్ను కింద పెట్టి, "ఇప్పుడు మెమో ఇవ్వాల్సి వస్తుంది కదండీ" అన్నారు, ఆవిడే తప్పు చేసినట్టు. ఇచ్చారు. సర్వీసులో మొదటి మెమో, ఆఖరి మెమో. సంజాయిషీ రాసుకున్నాను. రిటైరైన రోజు నా సన్మాన సభలో మాత్రం మచ్చలేని సర్వీసు అని పూలదండ వేసి మరీ చెప్పారు. నేను ఖండించలేదు.

నంబర్లు సరిచేసేసరికి ఇంకో నెల పట్టింది. నందిగామ ఆయన బతికాడు. పునుగులమ్మకు పెన్షన్ మంజూరైంది. ఆ కాగితం అటెండరు చేత పంపవచ్చు గానీ, నేనే తీసుకువెళ్ళాను. బండికి నాలుగో చక్రం మళ్ళీ బిగించి ఉంది. నూనెలో పునుగులు తిప్పుతూ ఆవిడ కాగితం తీసుకుని, కళ్ళకద్దుకుని, పిండి అంటకుండా దూరంగా పెట్టింది.

"ఒక మాటమ్మా. తప్పు కంప్యూటరుది కాదు. అప్పట్లో మీ ఆయన బదులు ఆ లారీ ఆయన్ని నొక్కింది నేను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. వాయి దించి, స్టవ్ ఆర్పింది.

"నాకు చెప్తే ఏం లాభం సారూ? నాలుగు నెలలు ఆయన్ని అనరాని మాటలన్నా. ఫొటో గోడ వైపు తిప్పి పెట్టా. లారీ దొరికిన రోజే ఇటు తిప్పుదామని పోయా. మొహం చెల్లలేదు. నేను చెప్పుకుంటే నమ్మడు. మీరు గవర్నమెంటోళ్ళు, మీరు చెప్పండి."

అని నడిచింది. కాటా వెనకే ఒక గది ఇల్లు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. మేకుకు వీపు చూపిస్తూ వేలాడుతున్న ఫొటోను ఆవిడ ఇటు తిప్పి, కొంగుతో తుడిచి, పక్కకు తప్పుకుంది. నల్లగా, సన్నగా, పుల్లలా ఉన్న మనిషి. సంజాయిషీ కోసం ఎదురు చూస్తున్నట్టే ఉన్నాడు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏవండీ... ఆ లారీ మీది కాదండీ. పైపేరు నొక్కింది నేనండి. ఇందులో ఆవిడ తప్పేం లేదు."

వెనకనుంచి మెల్లగా వినిపించింది:

"కొంచెం గట్టిగా చెప్పండి సారూ. క్వారీలో పేలుళ్ళ మోతకి ఆయనకి చెవులు సరిగా వినపడవు."

గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి గట్టిగా చెప్పాను.